మ్యాచ్ బార్లో కాదు సార్, టీ కొట్టు దగ్గర పెట్టమనండి

ఎడిటర్ గారికి నమస్తే.

సార్, మీ పేపర్ మా ఇంటికి ఇరవై ఏళ్ళ నుంచి వస్తాంది, ఒక్కసారి కూడా లెటర్ రాయలా, రాసేంత అవసరం రాలా. ఇప్పుడు రాసేది కూడా నా కోసం కాదు, మా పాప కోసం. ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లోనే ఉంది, మొన్న రాత్రి అన్నం తింటా ఉంటే అడిగింది, నాన్నా ఈసారి ఫుట్‌బాల్ వరల్డ్ కప్ నేను యాడ చూడాల అని. ఫోన్లో చూడు అన్నా. అది నా వైపు ఒక చూపు చూసింది సార్, ముద్ద గొంతు దిగలా నాకు. 2022 డిసెంబర్ 18 రాత్రి నేను చేసిన పని ఆ పిల్ల మర్చిపోలేదు, నేనూ మర్చిపోలా. అదంతా చెప్తేగానీ నేను అడిగేది ఏందో మీకు అర్థం కాదు కాబట్టి కొంచెం పొడుగైనా చదవండి, చోటు చాలక కట్ చేయాల్సొస్తే నా సోది కట్ చేసుకోండి గానీ కింద అడిగింది మాత్రం ఉంచండి.

నాకు తిరపతి బస్టాండు దగ్గర సెల్ రిపేర్ షాపు. ఫుట్‌బాల్ గురించి నాకు ముందు ఏమీ తెలీదు, మాదంతా క్రికెట్టే. పాప ఏడో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ళ పీఈటీ సార్ పుణ్యాన బంతి తన్నడం మొదలుపెట్టింది, అంతే, ఇంక ఇంట్లో ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏందో నాకు చెప్పింది అదే, ఇడ్లీ ప్లేటు పక్కన ఉప్పు డబ్బా, కారం డబ్బా, రెండు గ్లాసులు నిలబెట్టి, నాన్నా ఈ గ్లాసు డిఫెండరు, ఉప్పు డబ్బా గోల్ కొట్టేటోడు, బాల్ వదిలే టైముకి ఉప్పు డబ్బా గ్లాసుని దాటి ఉండకూడదు అని. వాళ్ళమ్మ వచ్చి ఉప్పు డబ్బా ఎత్తుకుపోయింది, ఆఫ్‌సైడ్ ఆడితో ఆగింది.

ఇంక ఆ ఫైనల్ సంగతి. ఆదివారం, మన టైము రాత్రి ఎనిమిదిన్నరకి, అర్జెంటీనా ఫ్రాన్స్. మా కేబుల్ ప్యాకేజీలో ఆ చానెల్ లేదు, ఇంట్లో చూడాలంటే ఫోనే గతి. మా చెల్లెలి కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్, ఆ వారం ఇంటికొచ్చి ఉన్నాడు, మామా ఇంత పెద్ద మ్యాచ్ ఇంత చిన్న ఫోన్లో చూస్తారా ఎవరన్నా, పద, ఒక చోట పెద్ద స్క్రీన్ వేస్తా ఉండారంట అన్నాడు. ఆ చోటు బార్. పాప అప్పటికే నీలం తెలుపు గీతల చొక్కా వేసుకుని రెడీగా నిలబడుంది, ఫుట్‌పాత్ మీద మూడొందల యాభైకి కొనిచ్చింది, వెనకాల అర్జెంటీనా కెప్టెన్ మెస్సీ 10 నంబరు. అప్పుడు తొమ్మిదో తరగతి. మా ఇంటావిడ ఒకే మాట అనింది, ఆడపిల్లని బార్‌కి తీసకపోతావా నువ్వు అని. దానికి నా దగ్గర జవాబేముంది. 21 నిండనోళ్ళకి మందు పోయకూడదని రూలు, పద్నాలుగేళ్ళ పిల్లని ఆ గుమ్మంలోకి ఎట్ల తీసకపోతా. పాప ఏడవలా, గొడవ చేయలా, చొక్కా కూడా విప్పలా, వాళ్ళమ్మ ఫోన్ తీసుకుని చార్జింగ్ పెట్టుకుంది. నేను చెప్పులేసుకుని పోయినా. ఆటంటే ఏందో తెలీని నేను పోయినా, ఆట తెలిసిన పిల్ల ఇంట్లో ఉండిపాయ.

బయట స్పోర్ట్స్ బార్ అని రంగురంగుల లైట్ల బోర్డు ఉంది సార్, లోపల స్పోర్ట్స్ అంటే గోడకి రెండు క్రికెట్ బ్యాట్లు, ఒక ధోనీ ఫోటో. ఆ రోజుకి మాత్రం ప్రొజెక్టర్ తెచ్చి గోడకి తెల్లగుడ్డ కట్టినారు, అది ఏసీ గాలికి ఊగుతా ఉంటే గోల్ పోస్టు కూడా ఊగతాంది. టేబుల్‌కి రెండు వేలకి తక్కువ ఆర్డర్ చేయకూడదని గుమ్మంలోనే చెప్పినారు. నేను తాగను, షుగరు ఉంది, కాబట్టి నా వంతు రూపాయలన్నీ చికెన్ 65కీ శనక్కాయల మసాలాకీ పోయినాయి, మూడో ప్లేటు వచ్చేసరికి వాసన చూస్తేనే కడుపులో తిప్పింది, అయినా తినకుండా కూచుంటే వెయిటర్ గుడ్డ తెచ్చి తుడిచిన టేబులే మళ్ళీ తుడుస్తాడు, లెయ్యి అని నోటితో చెప్పడు అంతే. ఎనిమిదికే జనం నిండిపోయినారు, కుర్చీకి ఇద్దరు, కూల్‌డ్రింక్ కేసులు తిరగేసి వాటిమీద కొందరు, కిచెన్ డోరు దగ్గర నిలబడినోళ్ళు ట్రే వచ్చిన ప్రతిసారీ పొట్ట లోపలికి పీల్చుకోవాల. ఆస్పత్రుల్లో పనిచేసే మలయాళీ పిల్లోళ్ళు ఒక ఇరవై మంది, బంగారం పని చేసే బెంగాలీలు, ఏర్పేడు వైపు కాలేజీల్లో చదివే స్టూడెంట్లు, మనూరోళ్ళు మిగతా. ఫుట్‌బాల్ పిచ్చంటే ఏందో ఆ మలయాళీలని చూస్తే తెలుస్తాది. ఆ కప్పు మొదలయ్యే ముందే కోజికోడ్ దగ్గర పుల్లావూర్ అనే ఊర్లో ఏటి మధ్యలో మెస్సీ కటౌట్ నిలబెట్టినారు, దానికి పోటీగా ఇంకొకరు బ్రెజిల్ ఆటగాడు నేమార్‌ది అంతకన్నా పొడుగుది పెట్టినారు, మన సినిమా హీరోల ఫ్యాన్స్ నయం.

మొదట ఇరవై నిమిషాలు సౌండే లేదు. స్క్రీన్ మీద మ్యాచ్, స్పీకర్లో సినిమా పాటలు. మెస్సీ 23వ నిమిషంలో పెనాల్టీ కొట్టే టైముకి ఏదో వాన పాట మోగతాంది, గోల్ పడినాక మలయాళీ పిల్లోళ్ళంతా ఒక్కసారిగా అరిస్తే మేనేజర్ భయపడి పాట ఆపి కామెంటరీ పెట్టినాడు. 36వ నిమిషంలో అర్జెంటీనా డి మరియా కొట్టిన గోల్ ఉందే సార్, తెలీని నాకే ఒళ్ళు జలదరించింది, అవతల బాక్స్ దగ్గర్నుంచి ఇవతల బాక్స్ దాకా నలుగురైదుగురు ఒక్కో టచ్‌తో బాల్‌ని జరుపుకుంటా వచ్చి చివర్న ఎడమ పక్క ఖాళీగా పరిగెత్తుతా ఉన్నోడికి ఇచ్చినారు, ఆయన గోల్‌కీపర్ మీదుగా లేపినాడు, కొట్టినాక ఏడ్చినాడు కూడా. ఆ సంతోషంలో నేను ఇంటికి ఫోన్ చేసినా. పాప ఎత్తి, నాన్నా నువ్వు ఫోన్ చేస్తే మ్యాచ్ ఆగిపోతాంది, ఇందులోనే కదా చూస్తాండేది, పైగా నాకు ఇంకా ఆ గోల్ రాలేదు, బాల్ ఇంకా ఫ్రాన్స్ వాళ్ళ కాళ్ళ దగ్గరే ఉంది అనింది. ఫోన్లో వచ్చేది ముప్పై నలభై సెకన్లు లేటంట, షాపులో రోజంతా ఫోన్లు విప్పేవాణ్ణి, ఆ మాత్రం తట్టలా నాకు. సరే సరే చేయనులే అని పెట్టేసినా.

79 నిమిషాల దాకా ఫ్రాన్స్ ఆడలా అసలు. కప్పు మనదే అని పక్క టేబుల్‌లో ఒకడు, మనదేందిరా అర్జెంటీనాది అని ఇంకొకడు. సగం మంది బిల్లు తెప్పించుకుని లేచినారు. వాళ్ళు పోయి పాన్ డబ్బా దగ్గర సిగరెట్టు ముట్టించినారో లేదో ఫ్రాన్స్ ఎంబాపే 80లో పెనాల్టీ ఒకటి, నిమిషన్నర తిరక్కముందే గాల్లో బంతిని గాల్లోనే తన్ని ఇంకోటి. 2-2. బయటికి పోయినోళ్ళంతా వెనక్కి ఉరికొచ్చినారు, వాళ్ళ కుర్చీల్లో వేరేవాళ్ళు కూచుని ఉంటే ఆడ ఒక తోపులాట. ఎక్స్‌ట్రా టైములో మెస్సీ 108లో కొడితే ఎంబాపే 118లో మళ్ళీ పెనాల్టీ, 3-3, వాడికి హ్యాట్రిక్, 1966లో ఇంగ్లాండ్ వాడు హర్స్ట్ కొట్టినాక ఫైనల్లో మళ్ళీ ఇదే అని తర్వాత పాప చెప్పింది. అన్నిటికన్నా నాకు గుర్తుండేది ఆఖరి క్షణంలో ఫ్రాన్స్ కోలో ముఆని ఒంటరిగా వచ్చి కొడితే అర్జెంటీనా గోల్‌కీపర్ మార్టినెజ్ ఎడమ కాలు చాపి ఆపిందే. ఆ కాలు ఇంకొక్క అంగుళం ఇటు ఉంటే చరిత్రే వేరే. మా పక్క టేబుల్‌లో ఆటో తోలే పిల్లోడు ఒకడు ఆ క్షణాన లేచి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కొండవైపు తిరిగి, సామీ మెస్సీకి కప్పిస్తే రేపు పొద్దున్నే అలిపిరి నుంచి నడిచొచ్చి గుండు కొట్టించుకుంటా అని మొక్కినాడు. బార్లో నిలబడి వెంకన్నకి మొక్కేది మన తిరపతిలోనే చూడాల. చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు గానీ వాడు నవ్వలా.

ఇంక పెనాల్టీలు. ఫ్రాన్స్ కోమాన్‌ది మార్టినెజ్ ఆపేసినాడు, వాళ్ళదే చువామెని బయటికి కొట్టినాడు, అర్జెంటీనా మాంటియెల్ కొడితే కప్పు వాళ్ళది. బార్ మొత్తం లేచి నిలబడింది, ముక్కూ మొహం తెలీనోడు నా మెడచుట్టూ చెయ్యేసినాడు, నాకేమో గుండె దడదడలాడతాంది, ఈ క్షణం పాపతో ఉండాల అనిపించింది సార్, అంతే, ఆలోచించలా, ఫోన్ చేసినా. రింగ్ అయింది, కట్ అయింది, మళ్ళీ చేసినా. ఈలోపల మాంటియెల్ కొట్టేసినాడు. పాపకి నా కాల్ వచ్చి మ్యాచ్ ఆగిపోయి, అది కట్ చేసి మళ్ళీ తెరిచేలోపల నా రెండో కాల్, మళ్ళీ తెరిచేసరికి అర్జెంటీనా వాళ్ళు గ్రౌండ్‌లో ఒకరిమీద ఒకరు పడి ఏడుస్తా ఉండారంట. నాలుగు వారాలు కాచుకుని కాచుకుని, ఆ ఒక్క కిక్ ఆ పిల్ల చూడలా. నా వల్ల.

ఆ తర్వాత బార్లో ఏమైంది అంటారా, ఫ్రాన్స్ మీద బెట్టింగ్ కట్టి పోగొట్టుకున్నోడు గ్లాసు గోడకేసి కొట్టినాడు, ఎవుడికో చెయ్యి తెగింది, షట్టర్ సగం దించి అందర్నీ వంగి పొమ్మన్నారు. ఇంటికి పోయేసరికి పాప చొక్కాతోనే పడుకోనుంది. పడుకోలేదని నాకు తెలుసు.

దానికి పరిహారం అన్నట్టు 2024 నవంబర్‌లో దాన్ని హైదరాబాద్ తీసకపోయినా, గచ్చిబౌలి స్టేడియంలో ఇండియా మలేషియా. నారాయణాద్రిలో రాత్రంతా అది చెప్తానే ఉంది, మనోళ్ళకి ఫుట్‌బాల్ రాదు అంటారు గానీ నాన్నా, రహీం సార్ మన హైదరాబాదాయనే, స్కూల్ టీచరుగా మొదలై ఇండియా టీమ్‌కి కోచ్ అయినాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో ప్లేసు, 1962లో జకార్తాలో క్యాన్సర్‌తో ఉండి కూడా టీమ్‌ని నడిపించి సౌత్ కొరియా మీద 2-1తో ఆసియా గేమ్స్ గోల్డ్ తెచ్చినాడు, మరుసటేడే చనిపోయినాడు అని. ఆ టీములో ఆడిన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం పేరు కూడా ఆ రాత్రే మొదటిసారి విన్నా. ఎదురు బెర్తు ముసలాయన లేచి కూచుని విన్నాడు. మ్యాచ్ మాత్రం అంతంత మాత్రమే, మన గోల్‌కీపర్ గోల్ వదిలేసి ముందుకొచ్చి బాల్ అందక మలేషియా వాడు ఖాళీ గోల్‌లోకి తోసేసినాడు, తర్వాత రాహుల్ భేకే తలతో కొట్టి సమం చేసినాడు, 1-1. ఆ ఏడాది ఇండియా ఒక్క మ్యాచ్ గెలవలా సార్, అయినా మా పాప మొహం చూడాల మీరు. చుట్టూ స్కూలు పిల్లోళ్ళు, అమ్మలు, బురఖా వేసుకున్న అమ్మమ్మ ఒకావిడ మనవడిని ఒళ్ళో పెట్టుకుని పల్లీలు వొలిచి పెడతాంది, పాప గొంతు పోయేదాకా అరిచింది, తిరిగి చూసినోడు ఒక్కడు లేడు. మ్యాచ్ అంటే ఇట్లుంటాదా అని నాకు అప్పుడే తెలిసింది, బార్లో చూసింది మ్యాచ్ కాదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఈ 2026 జూన్ 11న మళ్ళీ వరల్డ్ కప్ మొదలైతాంది, అమెరికా కెనడా మెక్సికోలో, 48 టీములు, 104 మ్యాచ్‌లు, ఇంత పెద్దది ఎప్పుడూ జరగలా. మనోళ్ళు లేరులెండి. కురసావ్ అనే బుల్లి దీవి ఆడతాంది, జనాభా లక్షన్నర, మన తిరపతి కార్పొరేషన్ జనాభా 2011 లెక్కల్లోనే 2 లక్షల 87 వేలు. వాళ్ళు క్వాలిఫై అయిన రోజే మనోళ్ళు ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో ఒక గోల్‌తో ఓడినారు, ఆ రోజు పాప అన్నం తినలా. సరే అది వేరే లెటర్ అవుతాది.

ఆడ పగలంటే మనకి రాత్రి కదా సార్. టైములన్నీ పాప రాసి పెట్టింది, చాలా మ్యాచ్‌లు మనకి అర్ధరాత్రి పన్నెండున్నర, తెల్లారుజామున మూడున్నర, పొద్దున ఆరున్నర అట్లా వస్తాయి. అర్జెంటీనా మొదటి మ్యాచ్ అల్జీరియాతో జూన్ 17 పొద్దున ఆరున్నరకి. ఫైనల్ జూలై 19 ఆదివారం పోయి సోమవారం వచ్చే రాత్రి పన్నెండున్నరకి. ఆ టైముల్లో బార్లు మూసుంటాయి! వాళ్ళ చేతిలోనుంచి మ్యాచ్ దానంతట అదే జారిపోయింది ఈసారి. ఇంకో ఊర్లో అయితే అంతా నిద్రపోతా ఉంటారు గానీ తిరపతి నిద్రపోయే ఊరా చెప్పండి. రాత్రి ఒంటిగంటకి రైలు దిగినోడు బస్టాండు దగ్గర టీ తాగతాడు, మూడింటికి కొండకి బస్సులు పోతానే ఉంటాయి, నాలుగింటికి ఇడ్లీ పాత్రలకి ఆవిరొస్తాది, ఆడోళ్ళు, ముసలోళ్ళు, చంకన పిల్లోళ్ళతో అమ్మలు, ఆ టైములో భయం లేకుండా రోడ్డు మీద తిరిగే ఊరు రాయలసీమలో ఇంకోటి నాకైతే తెలీదు. కాబట్టి నేను అడిగేది ఇంతే సార్. ఒకటి, కార్పొరేషనోళ్ళు ఇందిరా మైదానంలోనో ఇంకేదన్నా గ్రౌండ్‌లోనో సెమీస్‌కి, ఫైనల్‌కి ఒక స్క్రీన్ పెట్టాల, ప్రసారం హక్కులు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళని పర్మిషన్ అడిగే పెట్టమంటా ఉండా. గరుడసేవ రోజు వీధుల్లో ఎల్ఈడీ స్క్రీన్లు పెట్టేది చూస్తానే ఉండాం, ఈ ఊరికి చేతకాని పని కాదు. ఆడోళ్ళకి ఒక పక్క చోటు, లైట్లు బాగా, ఇద్దరు పోలీసులు, మందు తాగొచ్చినోణ్ణి గేటు దగ్గరే ఆపేది. అది కాదంటే టీ కొట్లోళ్ళు, టిఫిన్ హోటళ్ళోళ్ళు ఒక టీవీ పెట్టుకుంటే పోలీసోళ్ళు వచ్చి కట్టేయించకుండా ఉంటే అదే పదివేలు.

భక్తులకి ఇబ్బంది, గోల అంటారేమో. గంగమ్మ జాతర వారం రోజులు డప్పులు మోగినప్పుడు నిద్ర పోయిన ఊరే ఇది. అయినా లాడ్జీల దగ్గర పెట్టమనడంలా నేను, మైదానంలో పెట్టమంటా ఉండా.

రెండోది మీకే. మీ స్పోర్ట్స్ పేజీలో ఫుట్‌బాల్‌కి ఒక మూల నాలుగు లైన్లు వేస్తారు, దానికి నేనేం అనడంలా, పొద్దున ఆరున్నర మ్యాచ్ ఫలితం ఆ రోజు పేపర్లో రాదని తెలుసు. కానీ టైములు వేసేటప్పుడు తేదీ సరిగ్గా వేయండి సార్. మొదటి మ్యాచ్ మెక్సికో సౌతాఫ్రికా జూన్ 12 రాత్రి 12:30 అని వేస్తే సగం మంది 12న రాత్రి అన్నం తిని టీవీ ముందు కూచుంటారు, అది 11న గురువారం పోయిన రాత్రే అయిపోయి ఉంటాది. గురువారం రాత్రి తెల్లారితే శుక్రవారం అని తెలుగులో రాసేయండి, తలకాయ నొప్పి ఉండదు.

ఆ గుండు మొక్కుకున్న పిల్లోడు ఉన్నాడే, మరుసటి రోజు నిజంగానే మెట్లెక్కి పోయి గుండు చేయించుకునే వచ్చినాడు. ఇప్పుడు ఆటో అమ్మేసి మా షాపుకి నాలుగు షాపుల అవతల టీ కొట్టు పెట్టినాడు. నిన్న పోయి అడిగినా, అబ్బాయా 17 పొద్దున్నే ఆరున్నరకి టీవీ పెడతావా అని. అన్నా టీవీ నాది, డిష్ కనెక్షన్ నీది, బిల్లు సగం సగం అన్నాడు. పాప వస్తాది రా, ముందు వరసలో ఒక కుర్చీ కావాల అన్నా. వాడు గ్లాసులు కడగతా కడగతా, కుర్చీ ఏందన్నా, బల్ల మొత్తం పెడతా, వాళ్ళ స్నేహితురాళ్ళని కూడా తెమ్మను, ఆ టైములో ఆడపిల్లోళ్ళకి టీ ఫ్రీ అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పినా. పాప ఏమీ మాట్లాడలా, పోయి గోడకున్న టీటీడీ క్యాలెండర్లో జూన్ తిప్పి 17 చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. తర్వాత నా దగ్గరకొచ్చి, ఆ రోజు నీ ఫోన్ నా చేతికిస్తేనే వస్తా నాన్నా అనింది.

ఇట్లు
మీ పాత పాఠకుడు
తిరుపతి